ఇంతకీ ఆ మాట ఎవరన్నారు?

ప్రపంచ లిపుల్లో తెలుగు లిపికి రెండో స్థానం దక్కిందన్న మాట వినని తెలుగువాళ్లు ఇవాళ తక్కువే. భాషా దినోత్సవాల ఉపన్యాసాల్లో వినిపిస్తుంది, వాట్సాప్‌లో తిరుగుతుంది, స్కూలు ప్రాజెక్టు ఫైళ్లలో స్కెచ్ పెన్ను అండర్‌లైన్‌తో మెరుస్తుంది. ఎక్కడ చూసినా వాక్యం దాదాపు ఒకటే. ఇంటర్నేషనల్ ఆల్ఫాబెట్ అసోసియేషన్ అనే సంస్థ 2012లో తెలుగును ప్రపంచంలో రెండో ఉత్తమ లిపిగా ఎంపిక చేసింది, మొదటి స్థానం కొరియా లిపిది. ఫైలు చివర 'ఆధారాలు' అన్నచోట 'గూగుల్' అని ఉంటుంది. టీచరు టిక్కు పెట్టేస్తారు.

ఈ వాక్యాన్ని వాడుకోవచ్చో లేదో ఒక పదో తరగతి విద్యార్థి ఎలా తేల్చుకోవాలి? మామూలుగా ఇచ్చే సలహా ఒకటుంది. వెబ్‌సైటును పరీక్షగా చూడమంటారు. రాసినవాళ్ల పేరుందా, తేదీ ఉందా, అచ్చుతప్పులు ఎక్కువున్నాయా, ప్రకటనలు మీద పడుతున్నాయా, 'మా గురించి' అన్న పేజీలో ఏముంది, అడ్రసు చివర డాట్ కామ్ ఉందా, డాట్ ఆర్గ్ ఉందా. లైబ్రేరియన్లు దీన్ని ఒక పద్ధతిగా కూడా కూర్చారు. అన్నిటికంటే పేరుపడింది కాలిఫోర్నియా రాష్ట్ర యూనివర్సిటీ చీకో శాఖలో సారా బ్లేక్స్‌లీ 2004లో తయారుచేసిన పట్టిక. సమాచారం ఎంత తాజాది, మన అవసరానికి ఎంత పనికొస్తుంది, రాసినవారి అర్హత ఏమిటి, ఎంత కచ్చితంగా ఉంది, ఎందుకు రాశారు అని అయిదు అంశాలు. ఇంగ్లీషులో వాటి మొదటి అక్షరాలు కలిపితే కాస్త మోటు మాట వస్తుంది. కుర్రకారుకు అది ఇట్టే గుర్తుండిపోయింది. చాలా దేశాల కాలేజీల్లో ఇప్పటికీ ఇదే పాఠం చెబుతారు.

పాఠం మంచిదే, కానీ అందులో ఒక చిక్కుంది. ఆ ప్రశ్నల్లో చాలావాటికి జవాబు చెప్పేది మనం అనుమానిస్తున్న ఆ వెబ్‌సైటే. పేరు, తేదీ, ఫుట్‌నోట్లు, లోగో, 'మా గురించి' పేజీ ఎవరైనా పెట్టుకోవచ్చు. డబ్బు, ఓపిక ఉన్నవాడు ఇంకా బాగా పెట్టుకుంటాడు.

చెట్టెక్కే ఆక్టోపస్ కథ ఇందుకు పాత ఉదాహరణ. అమెరికా వాయవ్య తీరంలోని అడవుల్లో చెట్ల మీద బతికే ఆక్టోపస్ ఒకటుందని, అది అంతరించిపోతోందని, కాపాడమని కోరుతూ 1998లో ఒక వెబ్‌సైటు పుట్టింది. శాస్త్రీయనామం ఉంది, ఫొటోలున్నాయి, దాని జీవితచక్రం ఉంది, ఉద్యమంలో చేరడానికి లింకులున్నాయి. అంతా వేళాకోళం. కనెక్టికట్ యూనివర్సిటీకి చెందిన డొనాల్డ్ లూ బృందం దీన్ని ఏడో తరగతి పిల్లలకు చూపిస్తే దాదాపు అందరూ నమ్మేశారు. ఇది కట్టుకథ అని చెప్పిన తర్వాత కూడా కొందరు ఒప్పుకోలేదు. సుమారు పదేళ్ల తర్వాత నెదర్లాండ్స్‌లో 27 మంది పిల్లలతో ఇదే ప్రయోగం మళ్లీ చేశారు. గుర్తుపట్టినవాళ్లు ఇద్దరు.

పిల్లలు కదా, మోసపోతారు అనుకోవచ్చు. స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీలో శామ్ వైన్‌బర్గ్, సారా మెగ్రూ చేసి 2017లో బయటపెట్టిన పరిశోధన ఆ ధీమా కూడా మిగల్చలేదు. వాళ్లు 45 మందిని ఎంచుకున్నారు. 25 మంది స్టాన్‌ఫర్డ్ విద్యార్థులు, 10 మంది డాక్టరేట్ ఉన్న చరిత్రకారులు, 10 మంది నిజనిర్ధారణే వృత్తిగా పెట్టుకున్న ఫ్యాక్ట్ చెకర్లు. పిల్లల డాక్టర్ల సంఘాలు రెండింటి వెబ్‌సైట్లు చూపించి, ఏది ఎక్కువ నమ్మదగిందో చెప్పమన్నారు. మొదటిది అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్. 1930లో పుట్టింది, 60 వేలకు పైగా సభ్యులున్నారు. రెండోది అమెరికన్ కాలేజ్ ఆఫ్ పీడియాట్రీషియన్స్. స్వలింగ జంటలు పిల్లల్ని దత్తత తీసుకోవడాన్ని అకాడమీ సమర్థించినందుకు 2002లో విడిపోయిన వర్గం ఇది, సభ్యులు వందల్లోనే. పేర్లు చూస్తే కవలల్లా ఉంటాయి. రెండో సైటూ నీటుగానే ఉంది, దానికీ డాట్ ఆర్గ్ ఉంది, వ్యాసం కింద ఫుట్‌నోట్లున్నాయి. ఫ్యాక్ట్ చెకర్లు పదిమందీ అకాడమీవైపే నిలబడ్డారు. చరిత్రకారుల్లో చాలామంది రెండూ నమ్మదగినవేనంటూ ఎటూ తేల్చలేదు. విద్యార్థుల్లో ఎక్కువమంది రెండోదే నయమన్నారు.

పాత పత్రాన్ని ముందు పెట్టుకుని అక్షరం అక్షరం శోధించడం చరిత్రకారుల వృత్తి. వెబ్ పేజీనీ వాళ్లు అలాగే పైనుంచి కిందికి నిలువుగా చదివారు. ఫ్యాక్ట్ చెకర్లు పేజీ తెరిచి కొద్ది క్షణాలు చూసి దాన్ని వదిలేశారు. పక్కన కొత్త ట్యాబులు తెరిచి, ఆ సంస్థ పేరు కొట్టి, మిగతావాళ్లు దాని గురించి ఏమంటున్నారో చూశారు. ఆ తర్వాతే, అవసరమైతేనే, అసలు పేజీకి తిరిగి వచ్చారు. పరిశోధకులు దీన్ని అడ్డంగా చదవడం అన్నారు. తక్కువ చదివి ఎక్కువ తెలుసుకున్నారన్నది వాళ్ల ముగింపు.

మన ఇళ్లలో ఇది కొత్త విద్యేం కాదు. పెళ్లి సంబంధం వస్తే అబ్బాయి బయోడేటా ఒక్కటే చదివి లగ్నం పెట్టుకోం. వాళ్ల వీధిలో ఎవరున్నారు, ఆఫీసులో తెలిసినవాళ్లెవరు, మేనత్త అత్తవారి ఊరు అదే కదా అని నాలుగు దిక్కులా ఆరా తీస్తాం. బయోడేటాలో ఉన్నది అబద్ధమని కాదు, అది రాసుకున్నది వాళ్లే గనక. ఇంత జాగ్రత్త తెలిసిన మనం స్క్రీన్ ముందు కూర్చునేసరికి బయోడేటా చదివి తాంబూలాలు పుచ్చేసుకుంటున్నాం.

ఇప్పుడు లిపి వాక్యాన్ని చూద్దాం. నిలువుగా చదివితే తప్పుపట్టడానికేం కనబడదు. సంస్థ పేరుంది, ఏడాది ఉంది. రెండో స్థానమే అనడంలోని వినయం కూడా నమ్మకం పెంచుతుంది. గొప్పలకు పోయి రాసుకుని ఉంటే మొదటి స్థానమే వేసుకునేవాళ్లు కదా అనిపిస్తుంది.

అడ్డంగా చదువుదాం. ఆ సంఘం పేరు విడిగా వెతికితే దాని పత్రికో, సభ్యుల జాబితానో తగలాలి. తగిలేది మళ్లీ మళ్లీ తెలుగు లిపి గురించిన ఆ వాక్యమే. మనల్ని పొగడడం తప్ప వేరే పని చేసిన జాడ లేని సంస్థ దగ్గర ఆగాల్సిందే. ఈసారి తెలుగును పక్కనపెట్టి, మొదటి స్థానం దక్కినవాళ్ల వైపు నుంచి, అంటే కొరియా లిపి హంగుల్ పేరుతో వెతికితే దారి దొరుకుతుంది. 2012 అక్టోబరులో బ్యాంకాక్‌లో ప్రపంచ అక్షర ఒలింపిక్స్ పేరిట ఒక పోటీ జరిగిందని, హంగుల్‌కు బంగారు పతకం, తెలుగుకు వెండి, ఇంగ్లీషుకు కంచు వచ్చాయని కొరియా పత్రికలు రాశాయి. 2009లో జరిగిన మొదటి పోటీలోనూ హంగులే విజేత.

అంటే వాక్యం గాలిలోంచి ఊడిపడలేదు. ఏదో పోటీ జరిగింది, దాని వార్త వచ్చింది. ఆ వార్తకూ, ప్రపంచమంతా తెలుగు లిపికి రెండో స్థానం ఇచ్చిందనడానికీ మధ్య చాలా దూరముంది. భాషాశాస్త్రంలో లిపులకు ర్యాంకులిచ్చే పద్ధతే లేదు. ఒక లిపి తన భాష ధ్వనులకు ఎలా అమరింది, ఎక్కడినుంచి వచ్చింది, ఎలా మారింది అన్నవే భాషాశాస్త్రవేత్తలకు ప్రశ్నలు. విద్యార్థి ఈ సంగతి రాయకూడదని నేననను. '2012లో బ్యాంకాక్‌లో జరిగిన ఒక పోటీలో తెలుగు లిపికి రెండో స్థానం వచ్చిందని కొరియా పత్రికలు రాశాయి' అంటే అది నిలబడే వాక్యం. కాస్త చప్పగా ఉంటుంది. ఆధారం గట్టిపడేకొద్దీ వాక్యం చప్పబడడం ఈ పనిలో మామూలే.

'పది సైట్లలో ఉంది సార్' అంటాడు కుర్రాడు. ఉంటుంది. ఆ వాక్యాన్ని కొటేషన్ గుర్తుల మధ్య పెట్టి వెతికితే అవే మాటలు, అదే వరసలో, ఒక్కోసారి అవే అక్షరదోషాలతో సహా పది చోట్లా కనిపిస్తాయి. అలా కనిపిస్తే సాక్షులు పదిమంది కాదు, ఒక్కడే. ఆ ఒక్కడు ఎవరో తెలియాలంటే అన్నిట్లోకీ పాత తేదీ ఉన్నదాన్ని పట్టుకోవాలి. ఇందుకు ఇంటర్నెట్ ఆర్కైవ్ వాళ్ల వేబ్యాక్ మెషీన్ పనికొస్తుంది. 1996 నుంచి వాళ్లు వెబ్ పేజీలను దాచిపెడుతున్నారు. అడ్రసు ఇస్తే ఆ పేజీ ఫలానా ఏడాదిలో ఎలా ఉందో చూపిస్తుంది. పేజీ మీద 'చివరగా సవరించినది' అని ఉన్న తేదీ కంటే ఇది నికరం.

అడ్రసు చివరి అక్షరాల సంగతి త్వరగా ముగించవచ్చు. డాట్ ఆర్గ్ అంటే సేవాసంస్థ అని మన పాఠ్యపుస్తకాలు నేర్పాయి. నిజానికి డాట్ కామ్, డాట్ ఆర్గ్, డాట్ ఇన్ ఏవైనా డబ్బు కట్టినవారికి దొరుకుతాయి. మార్టిన్ లూథర్ కింగ్ పేరుతోనే ఏళ్ల తరబడి ఒక డాట్ ఆర్గ్ సైటు ఉండేది. విద్యార్థులకూ ఉపాధ్యాయులకూ పనికొస్తుందని పైన రాసుకుంది. నడిపింది స్టార్మ్‌ఫ్రంట్ అనే శ్వేతజాతి దురహంకార ముఠా. కింగ్‌ని దుమ్మెత్తిపోయడమే దాని పని. పేజీ అడుగున చిన్న అక్షరాల్లో ముఠా పేరుండేది. అడ్రసు పక్కన తాళం గుర్తు అయితే మరీ తక్కువ చెబుతుంది. మీకూ ఆ సైటుకూ మధ్య రాకపోకలు ఇంకొకరు చదవలేరని దాని అర్థం, సైటు నిజం చెబుతోందని కాదు. జనం తాళాన్ని నమ్మకానికి గుర్తుగా పొరబడుతున్నారనే 2023లో క్రోమ్ బ్రౌజర్ దాన్ని తీసేసింది.

మన దేశంలో డాట్ గవ్ డాట్ ఇన్ అడ్రసు ప్రభుత్వ సంస్థలకే, డాట్ ఏసీ డాట్ ఇన్ విద్యాసంస్థలకే ఇస్తారు. ఆ మేరకు నయం. అయితే ఏ ప్రశ్నకు నయం అన్నది వేరే సంగతి. జనాభా లెక్కలకు సెన్సస్ శాఖ సైటును మించింది లేదు. అదే ప్రభుత్వానికి చెందిన పర్యాటక శాఖ పేజీలో ఫలానా గుడిని ఫలానా యుగంలో ఫలానా ముని ప్రతిష్ఠించాడని ఉంటే, అది స్థలపురాణం. చరిత్ర ప్రాజెక్టులో దాన్ని స్థలపురాణంగానే చెప్పుకోవాలి. శాసనం ఏమంటోందో కావాలంటే శాసన సంపుటాల దగ్గరికి వెళ్లాలి. సర్కారు ముద్ర రెండు పేజీల మీదా ఒకేలా ఉంటుంది, రాసినవారి అధికారం మాత్రం ఒకేలా ఉండదు.

తేదీల విషయంలో తెలుగు విద్యార్థికి ఎదురయ్యే గోతులు ప్రత్యేకమైనవి. దేశంలో ఎక్కువమంది మాట్లాడే భాషల్లో తెలుగు మూడోదని ఇప్పటికీ చాలా సైట్లు రాస్తాయి. 2001 లెక్కల ప్రకారం అది నిజం. అప్పుడు తెలుగు మాతృభాషగా ఉన్నవారు 7.40 కోట్లు, మరాఠీ 7.19 కోట్లు. 2011 లెక్కల్లో తెలుగు 8.11 కోట్లకు చేరింది, మరాఠీ 8.30 కోట్లకు ఎగబాకి ముందుకెళ్లిపోయింది. హిందీ, బెంగాలీ, మరాఠీ తర్వాత మనది నాలుగో స్థానం. మూడోది అని రాసిన పేజీ అబద్ధమాడలేదు, ముసలిదైపోయింది. ప్రాచీన భాషలు ఆరని రాసిన పేజీల సంగతీ అంతే. తమిళం 2004లో, సంస్కృతం 2005లో, తెలుగు, కన్నడ 2008లో, మలయాళం 2013లో, ఒడియా 2014లో ఆ హోదా పొందాయి. 2024 అక్టోబరులో మరాఠీ, బెంగాలీ, అస్సామీ, పాళీ, ప్రాకృతం చేరి పదకొండయ్యాయి. తెలంగాణకు పది జిల్లాలని, 31 అని, 33 అని మూడు పేజీలు మూడు రకాలుగా చెప్పినా మూడూ తమ తమ రోజుల్లో నిజమే. అలాగని పాతదల్లా పనికిరానిదీ కాదు. బ్రౌన్ నిఘంటువుకు వయసు దోషం కాదు. లెక్కలకు, చట్టాలకు, మందులకు తేదీ ప్రాణం. వ్యాకరణానికి అంత పట్టింపు లేదు.

ఎవరి లాభం కోసం రాశారన్న ప్రశ్న అందరికీ తెలిసినట్టే ఉంటుంది, అడిగేవాళ్లు తక్కువ. స్టాన్‌ఫర్డ్ బృందమే 2019లో మరో అధ్యయనం వెలువరించింది. అమెరికాలో 3,446 మంది హైస్కూలు విద్యార్థులకు వాతావరణ మార్పు గురించిన ఒక వెబ్‌సైటు చూపించారు. దాని వెనక చమురు కంపెనీల డబ్బుందన్న సంగతిని ఆరా తీయనివారు 96 శాతం. సైటులో ఆ మాట ఉండదు కదా. సంస్థ పేరు బయట వెతికి చూస్తే కాసేపట్లో తేలేది. షుగరు తగ్గించే గింజల గుణగణాలు వర్ణించి, అదే పేజీ అడుగున ఆ గింజలు అమ్మే మన సైట్లు ఆ లెక్కన చాలా నిజాయితీ గలవి. దుకాణం కనబడుతూనే ఉంటుంది.

వికీపీడియాను టీచర్లు ముట్టుకోవద్దంటారు, పిల్లలు దాన్నే కాపీ కొడతారు. ఇద్దరూ దాన్ని తప్పుగానే వాడుతున్నారు. తెలుగు వికీపీడియా 2003 డిసెంబరులో మొదలైంది. అందులో చాలా వ్యాసాలు ఎవరో ఒకరు జీతం లేకుండా, ఓపిగ్గా పుస్తకాలు ముందు పెట్టుకుని రాసినవే. వ్యాసం కింద 'మూలాలు' అన్న భాగం ఉంటుంది. విద్యార్థి నిజంగా చదవాల్సింది అక్కడినుంచి. మూలాలు ఖాళీగా ఉన్న వ్యాసాన్ని ఊరికే చదువుకుని వదిలేయవచ్చు. ఒక్కో వాక్యం ఎవరు, ఎప్పుడు చేర్చారో 'చరిత్ర'లో, దాని మీద గొడవపడ్డారా అన్నది 'చర్చ'లో కనిపిస్తుంది. తన లోపాల్ని ఇంత బాహాటంగా ఆరబెట్టుకునే సైట్లు అరుదు.

అయితే మూలాలు కూడా ఒక్కోసారి గుండ్రంగా తిరుగుతాయి. 2008లో ఒక అమెరికన్ విద్యార్థి బ్రెజిల్‌లో కోఆటి అనే జంతువును చూసి, సరదాకి ఇంగ్లీషు వికీపీడియాలో దానికి 'బ్రెజిలియన్ ఆర్డ్‌వార్క్' అనే పేరు కూడా ఉందని రాసేశాడు. ఆధారమేమీ లేదు. బ్రిటిష్ పత్రికలు ఆ పేరు వాడాయి. యూనివర్సిటీ ప్రచురణ అయిన పుస్తకంలోకీ ఎక్కింది. చివరికి వికీపీడియాలో ఆ పేరుకు ఆధారంగా పత్రికల్నే చూపించారు. 2014లో న్యూయార్కర్ పత్రిక ఈ సంగతి రాసేదాకా ఆరేళ్లు ఆ పేరు చలామణీ అయింది. అందుకే మూలం తేదీ ముఖ్యం. వికీపీడియాలో వాక్యం చేరిన తర్వాత రాసిన పత్రికా కథనాన్ని ఆ వాక్యానికి సాక్ష్యంగా తీసుకునే ముందు ఆలోచించాలి.

డిగ్రీ, పీజీ స్థాయికి వచ్చాక జర్నల్ పేరు కనబడితే చాలు, నమ్మకం కుదిరిపోతుంది. అక్కడా దుకాణాలున్నాయి. అమెరికన్ లైబ్రేరియన్ జెఫ్రీ బీల్ 2010 నుంచి వీటిని వేటాడే జర్నళ్లు అని పిలిచాడు. రచయిత దగ్గర డబ్బు పుచ్చుకోవడం, నిపుణుల పరిశీలన జరిపించామని చెప్పి జరిపించకపోవడం వీటి తీరు. 2013లో సైన్స్ పత్రిక తరఫున ఒక విలేఖరి, ఆ శాస్త్రం కాస్త తెలిసినవాళ్లెవరైనా పట్టేసే తప్పులతో దొంగ పరిశోధన వ్యాసం తయారుచేసి 304 జర్నళ్లకు పంపితే 157 అంగీకరించాయి. ఈ కథలో మనకు బాగా దగ్గరి అధ్యాయం హైదరాబాద్ కేంద్రంగా వందల జర్నళ్లు నడిపిన ఒమిక్స్ సంస్థది. నిపుణుల పరిశీలన గురించి తప్పుదారి పట్టించారని, ఒప్పుకోని శాస్త్రవేత్తల పేర్లు సంపాదకవర్గంలో చూపారని, ఫీజుల సంగతి ముందుగా చెప్పలేదని అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2016లో కేసు వేసింది. 2019లో అక్కడి ఫెడరల్ కోర్టు 5 కోట్ల డాలర్లకు పైగా చెల్లించమని ఆదేశించింది. అలాంటి జర్నళ్ల సైట్లు చూడండి. సంపాదకవర్గం, సంచిక సంఖ్య, అన్నీ ఉంటాయి. సంపాదకవర్గంలో ఒక పేరు పట్టుకుని ఆ ప్రొఫెసరు సొంత యూనివర్సిటీ పేజీలో ఈ జర్నల్ ప్రస్తావన ఉందేమో వెతకడం పది నిమిషాల పని.

మంచి జర్నల్ కూడా పొరబడుతుంది. టీకాకూ ఆటిజానికీ లంకె పెట్టిన వేక్‌ఫీల్డ్ వ్యాసం 1998లో వచ్చింది ప్రసిద్ధమైన లాన్సెట్‌లోనే. పన్నెండు మంది పిల్లల మీద చేసిన పరిశీలన అది. 2010లో లాన్సెట్ దాన్ని ఉపసంహరించుకుంది. ఆ మధ్య పన్నెండేళ్లలో దాన్ని ఉటంకించి రాసిన పేజీలు మాత్రం ఎవరూ ఉపసంహరించుకోలేదు, నెట్‌లో అలాగే ఉన్నాయి. వ్యాసాన్ని వాడుకునే ముందు జర్నల్ సొంత పేజీలో దాని మీద ఉపసంహరణ ముద్ర ఉందేమో చూడడం అందుకే.

ఇప్పుడు పిల్లలు సైట్ల దాకా వెళ్లడం కూడా మానేస్తున్నారు. అడిగితే చాట్‌బాట్ చెబుతుంది, లేదా గూగుల్ పైనే సారాంశం ఇచ్చేస్తుంది. 2024 మేలో ఆ సారాంశం పిజ్జా మీద చీజ్ జారిపోకుండా సాస్‌లో జిగురు కలపమని చెప్పింది. ఎవరో పదేళ్లకు పైగా కిందట సరదాకి రాసిన మాటను అది నిజమని తీసుకుంది. న్యూయార్క్‌లో 2023లో ఇద్దరు లాయర్లకు పడిన జరిమానా విద్యార్థులకు ఇంకా బాగా పనికొచ్చే కథ. విమానసంస్థ మీద కేసులో వాళ్లు కోర్టుకిచ్చిన కాగితాల్లో చాట్‌జీపీటీ చెప్పిన పాత తీర్పుల్ని ఉదహరించారు. అలాంటి తీర్పులు లేనేలేవు. జడ్జి 5 వేల డాలర్లు జరిమానా వేశారు. అందులో ఒక లాయరు ముందే అనుమానపడ్డాడు. ఇది నిజం కేసేనా అని అడిగాడు కూడా. అడిగింది చాట్‌జీపీటీనే. అవునంది. చరిత్రకారులు స్టాన్‌ఫర్డ్‌లో చేసిన పనే ఇది, ఇంకాస్త ఖరీదుగా. చాట్‌బాట్ ఇచ్చిన పుస్తకం పేరును లైబ్రరీ కేటలాగులోనో, ప్రచురణకర్త సైటులోనో విడిగా వెతికి పట్టుకోనిదే ఫైల్లో రాయకూడదు.

అడ్డంగా చదవమని ఇంగ్లీషు విద్యార్థికి చెప్పినంత తేలిగ్గా తెలుగు విద్యార్థికి చెప్పలేం. అడ్డంగా చదవడానికి పక్కన వేరే పేజీలుండాలి. తెలుగులో ఒక గ్రామం గురించో, ఒక కవి గురించో వెతికితే వికీపీడియా వ్యాసం, దాన్ని కాపీ చేసిన నాలుగు సైట్లు, ఒక యూట్యూబ్ వీడియో వస్తాయి. ఆ వీడియోలో చదివేదీ అదే వ్యాసం. అలాంటప్పుడు పక్క ట్యాబు చాలదు, పక్క అలమారా కావాలి. వేటపాలెం సారస్వత నికేతనం, రాజమండ్రి గౌతమీ గ్రంథాలయం, హైదరాబాద్ సుందరయ్య విజ్ఞాన కేంద్రం లాంటి చోట్ల ఉన్న పాత పత్రికలు, పుస్తకాలు నెట్‌లో దొరకని సాక్షులు. స్కాన్ చేసిన తెలుగు పుస్తకాలు ఆర్కైవ్ డాట్ ఆర్గ్‌లో బోలెడున్నాయి. ఆంధ్రభారతి సైటుకు హంగులేమీ లేవు, అడ్రసు డాట్ కామ్. పట్టిక పట్టుకుని మార్కులేస్తే పెద్దగా రావు. కానీ నిఘంటువులో మీరడిగిన మాటకు ఇచ్చే ప్రతి అర్థమూ ఏ నిఘంటువులోదో పేరుతో సహా చూపిస్తుంది. చెప్పిన మాట తనదో ఎవరిదో దాచకుండా చూపే సైటు నా దృష్టిలో పైమెట్టుది.

ఇలా వెనక్కి వెళ్లడానికి ఒక మంచి అభ్యాసముంది. తెలుగును 'ఇటాలియన్ ఆఫ్ ది ఈస్ట్' అన్నవాడు నికోలో కాంటి అని మన సైట్లన్నీ రాస్తాయి. ఏ పుస్తకంలో, ఏ పేజీలో అన్నాడో రాయవు. 19వ శతాబ్దంలో ఇంగ్లీషువాళ్లు రాసిన పుస్తకాల్లోనూ తెలుగును ఇటాలియన్‌తో పోల్చిన మాటలు కనిపిస్తాయి కాబట్టి, ఎవరి మాట ఎవరి నోట పెట్టారన్న ప్రశ్న ఊరకే వచ్చింది కాదు. కాంటి 15వ శతాబ్దపు వెనిస్ వర్తకుడు. తన యాత్ర గురించి పుస్తకం రాయలేదు. ప్రయాణంలో మతం మారినందుకు ప్రాయశ్చిత్తంగా తాను చూసినవన్నీ చెప్పమని పోప్ ఆదేశిస్తే, పోప్ కార్యదర్శి పోజ్జో బ్రాచ్చొలీని విని లాటిన్‌లో రాసుకున్నాడు. దానికి ఇంగ్లీషు అనువాదం లండన్ హాక్లూయిట్ సొసైటీ 1857లో వేసిన 'ఇండియా ఇన్ ద ఫిఫ్టీన్త్ సెంచురీ' అనే సంపుటంలో ఉంది. సంపాదకుడు ఆర్. హెచ్. మేజర్. ఆర్కైవ్ డాట్ ఆర్గ్‌లో ఉచితంగా దించుకోవచ్చు. కాంటి భాగం చిన్నది, ఒక ఆదివారం మధ్యాహ్నం సరిపోతుంది. విజయనగరం చుట్టుకొలత 60 మైళ్లని అందులో ఉంది. పాములు కాపలాకాసే వజ్రాల కొండ మీదికి మాంసం ముక్కలు విసిరితే వాటికి అంటుకున్న వజ్రాలను గద్దలు మోసుకొచ్చే కథా ఉంది. భాష గురించిన ఆ పోలిక ఉందో లేదో నేనిక్కడ చెప్పను. పీడీఎఫ్‌లో మాట కొట్టి వెతికే సదుపాయాన్ని నమ్ముకోకండి, పాత అచ్చు స్కాన్లలో అది అక్షరాల్ని తప్పు చదువుతుంది. పేజీలు తిప్పే చూడండి.